కొన్న బండి ఎవరిది?

కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళ కబుర్లలో తరచుగా దొర్లే మాట ఒకటుంది: "ద్రోహం." 2025 నవంబరులో టాటా వాళ్ళు సియెర్రా పేరుతో కొత్త బండి తెచ్చినప్పుడు ఆ మాట మళ్ళీ విన్నాను. 1991 నాటి పాత సియెర్రాకి మూడే తలుపులు. వెనక సీటు పక్కన ఉండే పెద్ద అద్దం పైకప్పు మీదికి వంగి ఉండేది. అది తెరుచుకునేది కాదు. మన ఎండల్లో వెనక కూర్చున్నవాడి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. అయినా సియెర్రా అంటే ఆ అద్దమే. కొత్తదానికి అయిదు తలుపులు, వంగిన అద్దం ఉండాల్సినచోట దాన్ని గుర్తుచేసే నల్లటి ఏర్పాటు. "ఇది సియెర్రా కాదు, సియెర్రా వేషం" అన్నాడు ఒక మిత్రుడు. వాడి కోపం నిజమైనదే. కానీ వాడు పాత సియెర్రా ఎప్పుడూ కొనలేదు, నడపలేదు. చిన్నప్పుడు విజయనగరంలో ఒక డాక్టరుగారి ఇంటి ముందు ఆగి ఉంటే చూశాడు, అంతే.

బిస్కెట్ ప్యాకెట్లో రెండు బిస్కెట్లు తగ్గితే తిట్టుకుంటాం గానీ ద్రోహం అనం. ఆ మాట వాడాలంటే అవతలివాళ్ళు మనకేదో బాకీ ఉండాలి. డబ్బు కట్టి, బండి తెచ్చుకున్నాక కంపెనీ మనకేం బాకీ? కొననివాడికి అసలేం బాకీ? ఇది పిచ్చి ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. కారణం కొంత నా ఉద్యోగం. నేను సాఫ్ట్‌వేర్ రాస్తాను. వాడేవాళ్ళకి అలవాటైన బటన్‌ని తీసేసి వేరేచోట పెట్టే పని మాది. వాళ్ళ తిట్లు మాకు టికెట్ల రూపంలో వస్తాయి.

కారుప్రియుల ఫిర్యాదులన్నీ ఒకచోట పోస్తే పెద్ద కుప్పే అవుతుంది. మారుతి 2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధనలు రాగానే డీజిల్ మానేసింది. ఫియట్ వాళ్ళ 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ స్విఫ్ట్‌లోనూ ఉండేది, టాటా విస్టాలోనూ ఉండేది, అందుకే దాన్ని సరదాగా 'జాతీయ ఇంజన్' అనేవారు. అది పోయింది. జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్లు చేయడం మానేస్తున్నానంది. స్టీరింగ్ బరువు చేతికి తెలియాలనుకునేవాళ్ళకి ఆ రోజు ఇంట్లో మనిషి పోయినట్టే. సెడాన్లు తగ్గిపోయాయి. చిన్న కారుని కాస్త ఎత్తు పెంచి, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ వేసి ఎస్‌యూవీ అంటున్నారు. అన్నిటి ముఖాలూ ఒకటే, కళ్ళు చికిలించుకున్నట్టు సన్నటి దీపాలు. ఏసీ పెంచాలన్నా స్క్రీన్‌లో వెతుక్కోవాలి. గేర్ కర్ర సంగతి చెప్పనే అక్కర్లేదు.

వీటిలో చాలావాటికి కంపెనీ దగ్గర ఉన్న జవాబు ఒకటే: జనం కొంటున్నవి చేస్తున్నాం. కాదనడం కష్టం. గేర్ కర్ర కోసం ఏడ్చేవాళ్ళలో ఎంతమంది బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర సాయంత్రం ఆరింటికి ఆ కర్ర పట్టుకుని కూర్చోవడానికి సిద్ధం? నేనైతే కాదు. 

అయితే ఆ జవాబులో 'జనం' అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. ఎవరా జనం?

మాది గజపతినగరం. విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ వైపు పోయే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. పాతవాళ్ళు ఇంకా 43 అనే అంటారు. మా ఊరి రోడ్డు మీద కార్లకేం తక్కువ లేదు. కాకపోతే వాటిలో చాలావాటి మొదటి యజమాని ఎక్కడో విశాఖలోనో, హైదరాబాదులోనో ఉంటాడు. అతను అయిదారేళ్ళు వాడి అమ్మేస్తాడు. విజయనగరంలో ఒకరు కొంటారు. అక్కడినుంచి గజపతినగరం, బొండపల్లి, మెంటాడ, రామభద్రపురం. ఇంకా ఓపిక మిగిలితే ఘాటెక్కి ఒడిశా వైపు. మనుషులు పైకి, పట్నం వైపు పోయే రోడ్డు మీదే కార్లు కిందికి, ఊళ్ళవైపు దిగుతుంటాయి.

అంటే పదిహేను ఇరవై ఏళ్ళ కారు జీవితంలో షోరూమ్‌లో కొన్నవాడి వంతు మూడోవంతో, ఇంకా తక్కువో. కారు ఎలా ఉండాలన్నది మాత్రం అతని ముఖం చూసే నిర్ణయమవుతుంది. సర్వేలు అతన్నే అడుగుతాయి, ప్రకటనలు అతనితోనే మాట్లాడతాయి. మిగతా రెండొంతుల కాలం ఆ బండితో కాపురం చేసే టాక్సీ డ్రైవరు, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ఆసామీ, మూడోచేతి మీద కొన్న టీచరు, ఎవరూ ఆ లెక్కలో లేరు. కంపెనీ ఖాతాలో వాళ్ళ రూపాయి పడదు కాబట్టి లేరు. ఇక్కడ దుర్మార్గం ఏమీ లేదు. వ్యాపారం అలాగే ఉంటుంది. కానీ 'జనం కోరుకున్నదే చేస్తున్నాం' అన్నప్పుడు ఆ జనం బండి జీవితంలో మొదటి అయిదేళ్ళ జనం మాత్రమే.

పిల్లల్ని దత్తత ఇచ్చేటప్పుడు ముందుముందు పెంచబోయేవాళ్ళ గురించి ఆలోచిస్తాం. ఇనుముకి అంత అక్కర్లేదంటారేమో. సరే, ఇనుము గురించే మాట్లాడదాం.

సాలూరు లారీల ఊరు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది కానీ, లారీలు ఏ జిల్లా అని అడగవు కదా. మా చిన్నప్పుడు ఆ రోడ్డు మీద కనిపించే దృశ్యం ఒకటి చెప్తాను. రెండు ఇనుప దూలాలు, ఇంజను, ఆరు చక్రాలు, ఒక స్టీరింగు. పైన కప్పు లేదు, ముందు అద్దం లేదు, తలుపు లేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒక మనిషి దాని మీద కూర్చుని వందల కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చేవాడు. దాన్ని ఛాసిస్ అనేవాళ్ళం. కంపెనీ అమ్మేది అంతే. మిగతా లారీని ఊళ్ళో కట్టేవారు. వడ్రంగి క్యాబిన్ కట్టేవాడు, వెల్డరు ఇనుము అతికేవాడు, పెయింటరు వచ్చి పైడితల్లి పేరో శ్యామలాంబ పేరో రాసేవాడు. డ్రైవరు పొట్టివాడైతే సీటు ఎత్తు పెంచేవారు. యజమానికి నిద్రకి పలక కావాలంటే వెనక పలక.

ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. ఆ లారీని ఎవరు చేశారు అంటే ఒక పేరు చెప్పలేం. సగం జంషెడ్‌పూర్‌లోనో ఎన్నూరులోనో తయారైంది, సగం సాలూరులో. కంపెనీ తన పని ఒకచోట ఆపేసి 'ఇక్కడినుంచి మీది' అనేది. ఇప్పుడు మనం కొనే కారు అలా కాదు. ముగించి, మూత బిగించి ఇస్తారు. దానికి మనం చేర్చగలిగింది డాష్‌బోర్డు మీద వినాయకుడు, వెనక అద్దం మీద కొడుకు పేరు.

ఇంతవరకూ రాసి చదువుకుంటే ఇది పాతరోజుల పాటలా తోస్తోంది. కాబట్టి అవతలి పక్షం కూడా చెప్పాలి. ఆ వడ్రంగి కట్టిన చెక్క క్యాబిన్ గుద్దుకుంటే ఏమయ్యేదో ఘాట్ రోడ్డు పక్కన చూసినవాళ్ళకి తెలుసు. ఇంజను పక్కనే కూర్చుని ఏప్రిల్ మధ్యాహ్నం నడపడం అంటే ఏమిటో డ్రైవర్లని అడగాలి. 2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకి ఏసీ ఉండాలని నిబంధన వచ్చింది. అది విని 'అయ్యో, పాత చెక్క క్యాబిన్ అందం పోయింది' అన్న డ్రైవరు ఒక్కడైనా ఉంటాడా? ఆ అందం బయటినుంచి చూసేవాడిది, నాలాంటివాడిది. లోపల కూర్చునేవాడికి అది వేడి.

అంబాసిడర్ కథ ఇంకా విచిత్రం. కారుప్రియులు కంపెనీల నుంచి ఏం కోరుకుంటారు? మేం ప్రేమించినదాన్ని మార్చకండి అని. హిందుస్తాన్ మోటార్స్ అక్షరాలా ఆ పనే చేసింది. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని 1950ల చివర్లో అంబాసిడర్‌గా తెచ్చి, 2014 మేలో ఉత్తరపర ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా ఆ బొద్దు ఆకారాన్ని అలాగే ఉంచింది. లోపల ఇంజన్లు మారాయి, ముందు జాలీ మారింది, రూపం మాత్రం అదే. ఇంత విశ్వాసంగా ఉన్న కంపెనీ ఇంకొకటి లేదు. ఎవరైనా మెచ్చుకున్నారా? 1983 డిసెంబరులో మారుతి 800 రాగానే జనం అటు పరిగెత్తారు. ఎందుకంటే ఆ విశ్వాసం వెనక ఉన్నది ప్రేమ కాదు, లైసెన్సులు. పోటీ లేదు కాబట్టి మార్చలేదు. ఈరోజు ఆ బండి ఫోటో కింద 'స్వర్ణయుగం' అని రాసేవాళ్ళు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు కారు. చివరికి ఆ పేరుని కూడా 2017లో 80 కోట్లకి ప్యూజో వాళ్ళకి అమ్మేశారు.

మారుతి 800 కూడా అదే 2014లో, జనవరిలో ఆగింది. అదే నెలలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే అయిదు చిన్న కార్లని గోడకి గుద్ది చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగుల్లేని రకాలవి. పెద్దవాళ్ళ రక్షణలో అయిదింటికీ సున్నా చుక్కలే వచ్చాయి. ఇందులో ఫిగో, పోలో కారుప్రియుల ముద్దుబిడ్డలు. తలుపు వేస్తే ధబ్బుమని వినిపించే చప్పుడు గురించి మనవాళ్ళు కవిత్వం చెప్పేవారు. అయిదేళ్ళు తిరగకుండా, 2018 డిసెంబరులో నెక్సాన్‌కి అయిదు చుక్కలు వచ్చాయి. ముందు సీట్లు రెండిటికీ ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు చట్టం. బరువు పెరిగింది, బానెట్ ఎత్తు పెరిగింది, స్టీరింగు మొద్దుబారింది అని మనం పెట్టే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇక్కడే ఉంది. బతికి బయటపడినవాడు స్టీరింగు గురించి మాట్లాడడు. ఈ లెక్క ముందు రుచుల గురించిన ఫిర్యాదు నిలబడదనే నా అభిప్రాయం. బండి అందంగా లేదంటే లేదు, కొనకండి. దాన్ని ద్రోహం అనకండి.

మరి పేరు? సియెర్రా దగ్గరకి మళ్ళీ రావాలి, ఎందుకంటే అక్కడ నా మిత్రుడికి నేననుకున్నదానికన్నా ఎక్కువ న్యాయం ఉంది. కంపెనీ ఆ బండికి ఏ కొత్త పేరైనా పెట్టుకోవచ్చు. పెట్టలేదు. ఎందుకు? ముప్ఫై ఏళ్ళ కిందట ఒక పిల్లవాడు డాక్టరుగారి ఇంటి ముందు నిలబడి చూసిన చూపుకి ఈరోజు విలువ ఉందని వాళ్ళకి తెలుసు కాబట్టి. ఆ జ్ఞాపకాన్ని పెట్టుబడిగా వాడుకున్నాక, అదే పిల్లవాడు పెద్దయ్యి 'ఇది నేను చూసింది కాదు' అంటే 'నీ జ్ఞాపకంతో మాకేం పని' అనడం కుదరదు. కొననివాడికి మామూలుగా ఏ బాకీ లేదు. పేరుని పిలిచి వాడుకున్నప్పుడు మాత్రం చిన్న బాకీ పుడుతుంది. ఎంత చిన్నదంటే, మా వాడు ఒక ఆదివారం పొద్దంతా తిట్టుకుంటే తీరిపోయేంత. బలేనో అన్న పేరు 1999లో ఒక సెడాన్‌ది, 2015 నుంచి ఒక హ్యాచ్‌బ్యాక్‌ది. దానికి ఎవరూ ఏడవలేదు, పాతదాన్ని ప్రేమించినవాళ్ళు తక్కువ కాబట్టి. శాంత్రో 2018లో తిరిగొచ్చి నాలుగేళ్ళకే వెళ్ళిపోయింది. పేరు ఒక్కటే బండిని లాగలేదని అక్కడ తేలింది.

సుమో తిరిగొస్తే మాత్రం మనవాళ్ళేం చేస్తారో చూడాలి. సుమంత్ మూల్గావ్‌కర్ అనే టాటా పెద్దాయన పేరులోని మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టారని తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు. మనకి సుమో అంటే ఫ్యాక్షన్ సినిమా, గాల్లోకి లేచే తెల్ల బళ్ళు. 'ఆది' వచ్చిన 2002లో నాకు పదేళ్ళు. కంపెనీ పెట్టిన అర్థాన్ని తోసేసి మనం వేరే అర్థం కట్టుకున్నాం, సాలూరులో క్యాబిన్ కట్టుకున్నట్టు.

'మనది' అన్న మాట కూడా ఇలాంటిదే. 2019 ఆగస్టులో పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి కియా సెల్టోస్ మార్కెట్లోకి వచ్చినప్పుడు మా విజయనగరం వాళ్ళు కూడా మన ఆంధ్రా బండి అన్నారు. కొరియా కంపెనీ, రాయలసీమ ఫ్యాక్టరీ, మనకి ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. అయినా మనది. దీని వెనక ఇంకో పాత గాయం ఉందనుకుంటాను. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖకి వస్తుందని ఉత్తరాంధ్ర అంతా ఎదురుచూసింది. మధ్యలో ఎవరో కట్టిన బోగస్ కంపెనీ ఖాతాలోకి రాష్ట్ర ప్రభుత్వం 11.65 కోట్లు జమచేసింది, అసలు ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌లో వచ్చింది. ఆ కథ మా వైపు ఇప్పటికీ జోకుగా బతికుంది. ఇంజనీరింగులో చేరబోతున్న నాటి పిల్లలకి అది జోకు కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. రాబర్ట్ పిర్సిగ్ 1974 నాటి మోటార్‌సైకిల్ పుస్తకంలో ఒక చిన్న సంఘటన ఉంది. స్నేహితుడి ఖరీదైన బీఎండబ్ల్యూ బైకు హ్యాండిల్ వదులైంది. ఖాళీ బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి సందులో పెడితే సరిపోతుందని కథకుడు చెప్తాడు. స్నేహితుడికి అవమానం అనిపిస్తుంది. బీఎండబ్ల్యూకి బీరు డబ్బా రేకా! రేకు మంచి లోహమే, పని జరుగుతుంది. అతను ప్రేమించేది బండిని కాదు, బండి అనే భావాన్ని. మన కారుప్రియుల్లో ఎక్కువమంది ఆ స్నేహితుడి జాతి. ఆకారం గురించి, పేరు గురించి, చప్పుడు గురించి గంటలు గంటలు మాట్లాడతాం. బానెట్ ఎత్తం.

మా ఊళ్ళో బానెట్ ఎత్తే మేస్త్రి ఒకాయన ఉన్నారు. అంబాసిడర్లతో మొదలుపెట్టి, ట్రెక్కర్లు, కమాండర్ జీపులు, ఇండికాలు అన్నీ చూశారు. కొత్త కార్లు ఎలా ఉన్నాయి మేస్త్రీ అని అడిగితే ఆయన డిజైను గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"పాత బండయితే సప్పుడు సెప్పీది బాబూ, ఎక్కడ నొప్పో. ఇదేటి, ఎర్రగా ఓ దీపం ఎలిగిస్తాది. ఎందుకెలిగిందో నాకు సెప్పదు. కంపినీవోడికి సెప్తాది."

ఎవరికి చెప్తుందన్నది నిజానికి ఎవరో తీసుకున్న నిర్ణయం. ఇంజన్ కంప్యూటర్ తన లోపాన్ని ఒక కోడ్ రూపంలో దాచుకుంటుంది. ఆ కోడ్ చదవడానికి స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి అమ్మే ప్రతి కారుకీ ఒకేరకం సాకెట్ ఉండి తీరాలని చట్టం చేశారు కాబట్టే దాదాపు ప్రపంచమంతా అది వచ్చింది. పొగకి సంబంధించిన కోడ్లు అందరికీ ఒకటే. మిగతావి, అంటే బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, తలుపు తాళాలు, ఎవరి భాష వాళ్ళది. వాటి నిఘంటువు కంపెనీ దగ్గర ఉంటుంది. కొన్ని భాగాలయితే కొత్తది బిగించినా, కంపెనీ కంప్యూటర్ నుంచి 'ఇది మనదే' అని పరిచయం చేస్తే తప్ప బండి ఒప్పుకోదు.

ఇది ఇంజనీరింగ్ అవసరమా, వ్యాపారమా? రెండూ కొంచెం కొంచెం. దొంగతనాలని ఆపడానికి తాళం కోడ్ రహస్యంగా ఉండాలి, నిజమే. ఎయిర్‌బ్యాగు నకిలీదైతే ప్రాణం పోతుంది, అదీ నిజమే. నా వృత్తిలో కూడా ఇలాంటి వాదన రోజూ వింటాను. భద్రత కోసం మూసేస్తున్నాం అంటాం. మూశాక తాళం చెవికి అద్దె వసూలు చేసే ఆలోచన ఇంకెవరికో, ఇంకో మీటింగులో వస్తుంది. మొదటి నిర్ణయం తీసుకున్నవాడు మంచివాడే, రెండోవాడు చెడ్డవాడేం కాదు. మధ్యలో మేస్త్రి చేతిలోంచి రెంచీ జారిపోయింది, అంతే.

మన దేశంలో ఇది కోర్టుల దాకా వెళ్ళింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి మొత్తం 2,544.65 కోట్ల జరిమానా వేసింది. నేరం ఏమిటంటే విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు, రిపేరు పుస్తకాలు బయటి మెకానిక్‌లకి దొరకకుండా చేయడం. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. కార్ల గురించి అంతగా మాట్లాడుకునే మా మిత్రుల్లో ఈ తీర్పు సంగతి ఎవరికీ తెలియదు. గమనించారా, 2014 ఎంత విచిత్రమైన సంవత్సరమో! మారుతి 800 పోయింది, అంబాసిడర్ పోయింది, చిన్నకార్లకి సున్నాలు వచ్చాయి, ఈ తీర్పు వచ్చింది. మనం ఏడ్చింది మొదటి రెండిటికి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 'రైట్ టు రిపేర్' పేరుతో ఒక పోర్టల్ పెట్టింది, అందులో కార్లూ ఉన్నాయి. అయితే పోర్టల్ వేరు, రిపేరు పుస్తకం చేతికి రావడం వేరు. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

దీనికి కొత్త అంకం కూడా మొదలైంది. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు వెచ్చబడే సౌకర్యానికి నెలనెలా చందా పెట్టింది. సీటులో తీగ ముందే ఉంది, దాని ఖరీదు కొన్నవాడు కట్టేశాడు, వేడి మాత్రం అద్దెకి. తిట్లు పడ్డాక మరుసటి ఏడాది మానేసింది. సీటు వెచ్చబెట్టుకునే అవసరం మనకి లేదు కాబట్టి నవ్వుకున్నాం. కానీ రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చి పొద్దున్నే బండి ప్రవర్తన మారే కార్లు ఇప్పుడు మన దగ్గరా ఉన్నాయి. ఇలాంటి అప్‌డేట్లు పంపడం నా పని కాబట్టి అవతలివైపు నుంచి ఒక మాట చెప్పగలను. అప్‌డేట్ పంపే ఇంజనీరుకి ఆ వస్తువు అమ్ముడైపోయింది అన్న స్పృహ ఉండదు. అతని తెర మీద అది ఇంకా అతనిదే. బతికున్నదాన్ని బాగుచేస్తున్నాననే అనుకుంటాడు. బాగుచేస్తున్న మాట కూడా చాలాసార్లు నిజమే.

అందుకే ద్రోహం అన్న మాట అవసరమైతే నేను ఇక్కడ వాడతాను. రాబోయే మోడల్ ఎలా ఉండాలన్నది కంపెనీ ఇష్టం. అమ్మేసిన బండి మీద మాత్రం ఆ ఇష్టం చెల్లదు, అది ఎన్నో చేతిలో ఉన్నా సరే. ఇల్లు అమ్మినవాడు ఒక గది తాళం తన దగ్గర ఉంచుకుంటే ఊళ్ళో పంచాయతీ పెడతారు. 'ఆ గది వైరింగు ప్రమాదం, నీ మంచికే' అంటే పంచాయతీ పెద్ద ఏమంటాడు? వైరింగు ఎలాగో కాగితం మీద రాసిచ్చి తాళం ఇచ్చెయ్యమంటాడు. అంతకు మించిన పరిష్కారం నాకూ తోచలేదు.

యూరప్‌లో బటన్ల సంగతి చూస్తే కొంత ఆశ కలుగుతుంది. హారన్, ఇండికేటర్లు, వైపర్లు వంటివాటికి చేత్తో తడుముకునే మీటలు లేకపోతే 2026 నుంచి పూర్తి చుక్కలు ఇవ్వమని యూరో ఎన్‌క్యాప్ అంది. కారుప్రియులు ఏళ్ళ తరబడి గోల చేసిన విషయమే అది. వాళ్ళ గోలకి కాదు, రోడ్డు మీంచి కన్ను పక్కకి తిప్పితే జరిగే ప్రమాదాల లెక్కకి జవాబు వచ్చింది. మనం ఫిర్యాదు చేసే పద్ధతి మారాలేమో అని దీన్ని చూశాక అనిపించింది. 'నాకు నచ్చలేదు' అన్నప్పుడు మనం ఖాతాదారులం, అదీ కొంటేనే. 'మా మేస్త్రి దీన్ని విప్పలేకపోతున్నాడు' అన్నప్పుడు మాట్లాడేది ఊరు. కానీ కారుప్రియుల సభలో మేస్త్రికి కుర్చీ వెయ్యం. ఆయన మాట్లాడేది మైలేజీ గురించీ, బుష్ గురించీ, అందులో రొమాన్స్ లేదు.

మేస్త్రి కొడుకు విజయనగరంలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో చేరాడు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. యూనిఫారం, ఏసీ షెడ్డు, ఒక లాగిన్. తండ్రికి తెలియని భాష కొడుక్కి వచ్చు. తండ్రి వెయ్యి రూపాయలు పెట్టి ఒక చైనా స్కానర్ కొనుక్కున్నాడు. అది కోడ్ నంబరు చూపిస్తుంది, అర్థం అన్నిటికీ చెప్పదు. ఆ కోడ్ అర్థమేమిటో కొడుకు ఫోనులో చెప్తే ఉద్యోగం ఒప్పందం ప్రకారం అది తప్పు. కంపెనీ సమాచారం బయటికి ఇచ్చినట్టు. అదే కొడుకు సెలవురోజు ఇంటికొచ్చి, తండ్రి షెడ్డులో నిలబడి, తన బుర్రలో ఉన్నది వాడి చేస్తే? అదీ తప్పేనా? జ్ఞానం అతనిదా, లాగిన్‌దా? నేను సంతకం పెట్టిన ఉద్యోగ పత్రాల్లోనూ ఇలాంటి వాక్యాలే ఉన్నాయి. వాటిని తేలిగ్గా తీసుకోను. రేపు నా టీమ్‌లో ఒకడు మా కోడ్ వాళ్ళ నాన్నకి చెప్తే ఊరుకుంటానా అని అడిగితే, ఊరుకోను. అయితే మా కోడ్ ఎవరింటి ముందూ ఎర్రదీపం వెలిగించి ఆగిపోదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మేస్త్రిని అడిగాను, చెప్తాడా అని.

"ఆడెందుకు సెప్తాడు బాబూ, ఉజ్జోగం పోతాది" అన్నారాయన, నా ముఖం చూడకుండా. ఎదురుగా తొమ్మిదేళ్ళ నాటి కారొకటి బానెట్ తెరిచి ఉంది. దత్తిరాజేరు వైపు నుంచి పెళ్ళివాళ్ళని దింపి వస్తూ ఆగిపోయిందట, డ్రైవరు అక్కడే స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. కాసేపటికి మేస్త్రి ఫోను మోగింది. ఆయన షెడ్డు వెనక్కి వెళ్ళి మాట్లాడి వచ్చారు. చేతిమీద బాల్‌పెన్నుతో ఏదో రాసుకున్నారు. పావుగంటలో బండి స్టార్టయింది. డ్రైవరు మూడు వందలు ఇచ్చి, రెండు వందలు చాలవా అని కాసేపు గొణిగి వెళ్ళిపోయాడు.